పుష్పకం మొదలు పోర్టు బ్లెయిరు దాకా

మా ఇంట్లో విమానం మాట వస్తే రెండు పక్షాలు ఏర్పడతాయి. మనవరాలిది ఒక పక్షం, మా ఆవిడది ఇంకొక పక్షం. 2025 డిసెంబరు సెలవులకు అండమాన్ పోదామని మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోను చేసినప్పుడు ఈ రెండు పక్షాల నడుమ పెద్ద వాదమే జరిగింది. "అవ్వా, కిటికీ పక్క సీటు నాదే" అని మనవరాలు. "అహమ్మదాబాదులో అంత ఘోరం జరిగి ఇంకా ఆరు నెలలు కాలేదు. మీరు పోయిరండి, నేను ఇల్లు చూసుకుంటా" అని మా ఆవిడ. నేను మధ్యవర్తిని. ముప్పై అయిదేళ్లు హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. ఇంట్లో ఏ తగవు వచ్చినా పుస్తకాలు తిరగేయడం నాకు అలవాటు. ఈసారి తిరగేస్తే దొరికిన సంగతులు పాఠకులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చివర నా తప్పొకటి ఒప్పుకోవలసి ఉంది. దాన్ని చివరనే చెబుతాను.

మాది బళ్లారి. హంపి, ఆనెగొంది మాకు చుట్టుపక్కల ఊళ్ల కిందే లెక్క. రామాయణంలోని కిష్కింధ అదేనని మా ప్రాంతం వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంతో చూస్తే, ఆకాశయానం గురించి మన సాహిత్యంలో ఉన్న రెండు గొప్ప దృశ్యాలు మా ఊరి మీదనే జరిగాయి. రావణుడు ఎత్తుకుపోతున్నప్పుడు సీతమ్మ ఒక కొండ కొమ్మున అయిదుగురు వానరులను చూసి, నగలు కొంగులో మూటకట్టి కిందికి జారవిడిచింది. యుద్ధం ముగిశాక అదే దారిన పుష్పకంలో తిరిగివస్తుంటే రాముడు ఒక్కొక్క చోటే చూపిస్తూ వచ్చాడు. కిష్కింధ కనబడగానే సీతమ్మ, తార మొదలైన వానర స్త్రీలను కూడా వెంట తీసుకుపోదామని కోరింది. ఆకాశం అదే, దారి అదే, మనిషీ ఆమే. మొదటిసారి ప్రాణభయం, రెండవసారి విహారం. తేడా ఎత్తులో లేదు. ఎవరి చేతుల్లో ఉన్నామన్నదే తేడా. ఈ మాట గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

మన దేశంలో విమానం తొలి రోజుల్లోనే ఉత్తరాలు మోసింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున దాటి నైనీకి ఆంరీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు 6,500 ఉత్తరాలు చేరవేశాడు. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత, 1932 అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీలో బయలుదేరి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానానికి తపాలా తెచ్చాడు. అక్కడి నుంచి ఆయన మిత్రుడు నెవిల్ వింట్‌సెంట్ దాన్ని మద్రాసుకు తీసుకుపోయాడు. బొంబాయికీ మద్రాసుకూ నడుమ ఆ విమానం దిగిన మజిలీ మా బళ్లారి!

అప్పటికి బళ్లారి మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. తెలుగు, కన్నడం ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే ఊరు. 1953లో రాష్ట్రాలు విడిపోయి మేము మైసూరు వైపు మిగిలిపోయాము. అది వేరే కథ. ఆ విమానాన్ని చూడడానికి ఊరంతా కదిలిందని మా తాత చెప్పేవాడు. ఆయన వర్ణన ఇంతే: "రెక్కలున్న పెట్టె. దాంట్లోంచి దొర దిగినాడు, నీళ్లు తాగినాడు, మళ్లా ఎక్కినాడు." మా జేజి మాత్రం విమానం ఎగిరి కనుమరుగయ్యేదాకా రెండు చేతులూ జోడించుకుని నిలబడిందట. భక్తితోనా, భయంతోనా అని అడిగితే, "రెండూ ఒకటే కదరా" అన్నదట.

ఆ విమానం పేరు పుస్ మాత్. ఒకటే ఇంజను, వైమానికుడి వెనక ఒకరిద్దరికి మాత్రమే చోటు. దారి చెప్పే రేడియో లేదు. జుహూ మైదానం వానాకాలంలో బురదగుంట అయిపోతే పూనాకు మకాం మార్చేవారు. మొదటి ఏడాది మొత్తం మీద ఎక్కిన ప్రయాణికులు 155 మంది. తపాలా సంచుల సరసన కూర్చుని, కింద పొలాలు చూసుకుంటూ పోయిన ఆ 155 మందిలో ఎందరు ఆనందించారో, ఎందరు కళ్లు మూసుకున్నారో ఎవరూ రాసి పెట్టలేదు.

భయాన్ని లెక్కలోకి తీసుకున్న మొదటి మనిషి నా దృష్టిలో ఎలెన్ చర్చ్ అనే అమెరికా నర్సు. ఆమెకు విమానం నడపడం వచ్చు, కాని ఆడదానికి ఆ ఉద్యోగం ఇచ్చేవారెవరూ లేరు. అప్పుడామె బోయింగ్ రవాణా సంస్థ వారికొక మాట చెప్పింది. జనం విమానమంటే భయపడుతున్నారు, లోపల ఒక నర్సు ఉంటే ధైర్యం వస్తుంది అని. 1930 మే 15న శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి చికాగోకు పోయే విమానంలో ఆమె ప్రపంచంలోనే మొదటి విమాన పరిచారికగా ఎక్కింది. 14 మంది ప్రయాణికులు, 13 మజిలీలు, 20 గంటల ప్రయాణం. ఆ కాలపు విమానాలు మబ్బుల పైకి పోలేవు. పైన గాలి పలుచన గనుక ఊపిరి అందదు. అందుచేత మబ్బుల్లోనే ఊగుతూ పోవాలి. వాంతులు సామాన్యం. గదిలో గాలి ఒత్తిడి నిలిపే ప్రయాణికుల విమానం 1940లో వచ్చాకనే తుఫానుల పైనుంచి పోవడం సాధ్యమయింది. ఇవాళ మనం నవ్వుతూ కాఫీ పుచ్చుకునే పరిచారిక ఉద్యోగం మర్యాద కోసం పుట్టింది కాదు, భయానికి మందుగా పుట్టింది.

ఇక విహారయాత్రల సంగతి. విమానం చాలాకాలం దొరలకూ ధనికులకూ సొంతం. దాన్ని సామాన్యుడి సెలవులకు దించినవాడు వ్లదిమీర్ రైట్జ్. రష్యాలో పుట్టి లండనులో స్థిరపడిన పత్రికా విలేకరి. 1950లో అతను ఒక డకోటా విమానం అద్దెకు మాట్లాడి, ఇంగ్లండు నుంచి కోర్సికా దీవిలోని కాల్వీకి యాత్రికులను తీసుకుపోయాడు. రానుపోను విమానం, గుడారంలో బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. ప్రభుత్వం అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టింది: ఉపాధ్యాయులు, విద్యార్థులు మాత్రమే పోవాలి! ఇది చదివినప్పుడు బడిపంతులుగా నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను. మూకుమ్మడి విమాన విహారానికి ముహూర్తం పెట్టింది మా వర్గమే అన్నమాట.

ఆనందం పెరిగినకొద్దీ ప్రమాదాలూ పరీక్షలు పెట్టాయి. 1952 మే 2న కామెట్ అనే బ్రిటిషు జెట్ విమానం లండను నుంచి జొహానెస్‌బర్గుకు మొదలయింది. రెండేళ్లు తిరక్కముందే, 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి ఆకాశంలోనే బద్దలై మధ్యధరా సముద్రంలో పడ్డాయి. శాస్త్రజ్ఞులు ఒక విమానాన్ని నీళ్ల తొట్టెలో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేలసార్లు పరీక్షించారు. లోహం అలిసిపోయి, కిటికీల వంటి తెరపుల మూలల దగ్గర చీలుతున్నదని తేలింది. లోహానికీ అలుపు ఉంటుందన్న పాఠం ప్రతి విమానం తయారీలోకీ ఎక్కింది.

రెండవ పాఠం ఇంకా పెద్దది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు నేల మీదనే ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. ఒకటి సెలవులకు ఆ దీవులకు వచ్చినవారిది, ఇంకొకటి ఓడ విహారానికి బయలుదేరినవారిది. దాదాపు అందరూ సరదా ప్రయాణికులే. దట్టమైన మంచులో, అనుమతి రాకముందే ఒక కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించాడు. ఎదుటి విమానం దారి తొలగిందా అని అతని ఇంజనీరుకు సందేహం వచ్చింది. అడిగాడు కూడా. కెప్టెన్ గట్టిగా తొలగిందన్నాడు. అంత అనుభవం ఉన్న పెద్దాయన మాటకు ఎదురేముంది? ఇంజనీరు ఊరుకున్నాడు. ఆ తరువాతనే, చిన్నవాడు పెద్దవాడి తప్పు ఎత్తిచూపడం ఎలాగో, పెద్దవాడు వినడం ఎలాగో వైమానికులకు ప్రత్యేకంగా నేర్పడం మొదలయింది. పెద్దల మాట జవదాటరాదని పెరిగిన మన ఇళ్లకు కూడా ఈ శిక్షణ అవసరమేనని నాకు తోచింది.

ఈ పాఠాల ఫలితం లెక్కల్లో కనబడుతుంది. అమెరికా ఆచార్యుడు ఆర్నాల్డ్ బార్నెట్ బృందం 2024లో ప్రకటించిన ప్రకారం, 1968-77 నడుమ ప్రపంచంలో విమానం ఎక్కిన ప్రతి మూడున్నర లక్షల మందికి ఒకరు మరణించేవారు. 2018-22 నడుమ అది కోటీ ముప్పై ఏడు లక్షలకు ఒకరు. 2022 ఒక్క ఏడాదిలో మన దేశపు రోడ్ల మీద పోయినవారు లక్షా అరవై ఎనిమిది వేల మంది. అయినా బస్సెక్కేటప్పుడు ఎవరికీ గుండె దడ పుట్టదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ఎందరో అమెరికన్లు విమానాలు మాని కార్లెక్కారు. ఆ మరుసటి ఏడాది దీనివల్ల రోడ్ల మీద సుమారు పదిహేను వందల మంది అదనంగా చనిపోయారని జర్మన్ మనోవిజ్ఞాని గెర్డ్ గిగెరెంజర్ లెక్క కట్టాడు. స్టీరింగు మన చేతిలో ఉంటే చావు కూడా మన చెప్పుచేతల్లో ఉన్నట్టు భ్రమ. మళ్లీ సీతమ్మ దగ్గరికే వచ్చాం. ఎవరి చేతుల్లో ఉన్నామన్నదే ప్రశ్న.

ఇదంతా మా ఆవిడకు ఒకనాటి సాయంత్రం వివరంగా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విని, "లెక్కలు బాగున్నాయి. కాని భయం తలలో ఉంటే కదా లెక్కలు పనిచేసేది? అది కడుపులో ఉంది" అన్నది. అంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అహమ్మదాబాదులో 2025 జూన్ 12న విమానంలోని 242 మందిలో ఒకే ఒక్కడు బతికాడు. ఆ దృశ్యాలు టీవీలో చూసినవారి కడుపుకు కోటీ ముప్పై ఏడు లక్షల లెక్క ఏం చెప్పగలదు?

అయినా ఆమె బయలుదేరింది. మనవరాలి ముఖం చూసి.

బెంగుళూరులో తెల్లవారుజామున ఎక్కాము. కిటికీ సీటు మనవరాలు అవ్వకే ఇచ్చింది. తీరం దాటి బంగాళాఖాతం మీద కొంతసేపు పోయాక విమానం ఒక్కసారి కిందికి జారినట్టయింది. మళ్లీ లేచింది, మళ్లీ జారింది. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. నోట్లోంచి "అమ్మా" అని వచ్చింది. అంతసేపూ ఇంగ్లీషులో, హిందీలో మాట్లాడుతున్న పరిచారిక నా పక్కకు వంగి, "భయం లేదు బాబాయ్‌గారూ, మబ్బుల్లో కుదుపు. గతుకుల రోడ్డు మీద బస్సు పోయినట్టే, అంతే" అన్నది అచ్చ తెలుగులో. మీదేవూరమ్మా అంటే, ఒరిస్సాలోని బరంపురం అన్నది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొలువులో హిందీ, ఇంగ్లీషు అట. నేను "అమ్మా" అన్నది విని గుర్తుపట్టిందట. ఎలెన్ చర్చ్ 1930లో చెప్పిన మందు ఇదే. భయపడ్డవాడికి తన భాషలో వినబడే ఒక్క మాట.

తేరుకుని మా ఆవిడ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి కింద మబ్బులను చూస్తున్నది. చూపు అటే ఉంది గాని, చెయ్యి మాత్రం నా చెయ్యి మీద ఉంది.

ఇప్పుడు నా తప్పు. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో విమానం కూలి 92 మంది మరణించినప్పుడు నేను ఆ ఊళ్లోనే శిక్షణ తరగతుల్లో ఉన్నాను. మర్నాటి పత్రికలో చూసిన బొమ్మ నాలో ఉండిపోయింది. 1996లో మా అబ్బాయి మొదటి జీతం కూడబెట్టి, అమ్మకు తాజ్‌మహల్ చూపించమని ఢిల్లీకి రెండు విమానం టికెట్లు కొన్నాడు. "మీ అమ్మకు భయంరా" అని చెప్పి వాటిని రద్దు చేయించింది నేను. రైల్లో రెండు రాత్రులు పోయాము. ఆనాటి నుంచి మా చుట్టాలందరిలో విమానానికి భయపడే మనిషిగా పేరు పడింది ఆమెకు. వింటూ వింటూ ఆ భయం నిజంగానే ఆమెకు అంటుకుందేమో కూడా. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పేరు వెనక నేను దాక్కున్నాను. ఆమె ఎన్నడూ కాదనలేదు.

పోర్టు బ్లెయిరులో, 2024 నుంచి దాని పేరు శ్రీవిజయపురం, సముద్రం ఒడ్డున కూర్చున్నప్పుడు ఈ మాట బయటపెట్టాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు అప్పుడే తెలుసు. నలుగురిలో మీ మాట తీసెయ్యడమెందుకని ఊరుకున్నా" అన్నది. టెనెరిఫె ఇంజనీరు గుర్తుకొచ్చాడు నాకు.

తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు నాకిచ్చారు. ఈసారి కళ్లు తెరిచే ఉంచాను. వచ్చే వేసవికి ఆగ్రా పోదామంటున్నది మా ఆవిడ, విమానంలోనే.