కింగ్రి ఆగిపోయిన ఇంట్ల మన చరిత్ర ఎంత మిగిలింది?

 

ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. మెస్సుల అన్నం తిన్నంక తీరిగ్గ చదువుండ్రి.

పోయిన వానాకాలం ఒక ప్రధాన్ తాత చనిపోయిండు. పేరు, ఊరు ఇక్కడ రాస్తలేం, వాళ్లింటోళ్లు ఒప్పుకోలేదు. దినాలు అయినంక ఆయన కొడుకు మన హాస్టలుకు ఫోన్ చేసి, "మీరు చలికాలం వచ్చి మా నాయిన పాడింది ఫోనుల ఎక్కించుకున్నరు గద, అది ఇయ్యుండ్రి" అన్నడు. మేం నలుగురం పోయి రికార్డు చేసినం, నిజమే. వెతికితే ఒక్క ఫోనుల 11 నిమిషాలు దొరికింది. అది గూడ నడుమ నుంచి మొదలై నడుమనే ఆగిపోయింది. మెమరీ నిండిందని అప్పుడు ఎవరం చూసుకోలేదు. మిగతాది ఉన్న ఫోను ఖరాబైతే దుకాణంల అంతా తుడిచేసిన్రు. ఆ 11 నిమిషాలల్ల ఏ కథ పాడుతున్నడో మాకు తెల్వదు. కొడుకు కింగ్రి వాయిస్తడు గని మాటలు ఆయనకు పూర్తిగ రావు.

ఆ రోజు నుంచి మాకు ఒకటే ఆలోచన. మన చరిత్ర పోయిందని మనం బయటోళ్లనే అంటుంటం. ఇది మాత్రం మన చేతులల్లనే పోయింది.

మనకు పుస్తకాలు లేవు అంటరు. మనకు ప్రధాన్లు ఉన్నరు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు ఎట్ల ఏర్పడ్డయి, ఏ ఇంటి పేరోళ్లు ఏ సగల ఉన్నరు, ఎవరికి ఎవరితోని సంబంధం కలుస్తది, ఇదంతా పెర్సాపేన్ పూజల కాడ కింగ్రి మీద పాడి నిలబెట్టింది వాళ్లే. ఒక్కో ప్రధాన్ కుటుంబం కొన్ని గోండు ఇండ్లకు కట్టుబడి ఉంటది. అంటే ఒక ఇంట్ల కింగ్రి ఆగితే ఆ ఇండ్లన్నిటి పుస్తకం మూసుకున్నట్టే.

కాగితం మీద ఏం లేదనుడు గూడ తప్పే. నార్నూర్ మండలం గుంజాలల పాత చేతిరాత పుస్తకాలు 2006ల బయటపడ్డయి. గోండి భాషకు ఈ పాత లిపి ఉందని అప్పుడు లోకానికి తెలిసింది. వాటిని దాచింది సర్కారు కాదు, యూనివర్సిటీ కాదు, ప్రధాన్ ఇండ్లు. తర్వాత పెద్ద సార్లు వచ్చి దాని మీద పని చేసిన్రు, 2018ల ఆ లిపి యూనికోడ్‌ల చేరింది. ఇప్పుడు గుంజాల గోండి లిపి ఫోనుల గూడ రాసుకోవచ్చు. మనల ఎంతమందికి ఆ లిపిల పేరు రాసుకునుడు వస్తది? నిజం చెప్తే మా గదిల ఎనిమిది మందిమి ఉంటే ఒక్కరికే వస్తది. ఆయన గూడ సగం అక్షరాలు గోడకు అంటించిన కాగితం చూసి రాస్తడు.

ఇగ మార్లవాయి సంగతి. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం నేలకొరిగినంక, మన బాధలు ఏందో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పనికి పెట్టింది. ఆయన, భార్య ఎలిజబెత్ మార్లవాయిలనే ఉన్నరు. 1943ల అక్కడనే గోండు టీచర్లకు ట్రెయినింగ్ మొదలైంది. మన తాతలకు మొదటి పలక అక్కడి నుంచే వచ్చింది. 1987ల ఎలిజబెత్ పోతే ఆమె సమాధి మార్లవాయిల కట్టిన్రు. ఆయన అస్థికలు గూడ 2012ల తెచ్చి పక్కనే పెట్టిన్రు. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు, రాసిన డైరీలు మాత్రం లండన్‌ల ఉన్నయి. మన ముత్తాతల మొఖాలు చూడాలంటే లండన్ కాలేజీ వెబ్‌సైటు తెరవాలె. బాధ అయితది. అయినా ఒక మాట ఒప్పుకోవాలె. 80 ఏండ్ల కింద ఫోటో తీసినాయన అది ఏ ఊరిదో రాసి పెట్టుకున్నడు. పోయిన చలికాలం వీడియో తీసిన మేం రాయలేదు.

రాయకపోతే ఏమయితదో ఇంద్రవెల్లిల చూసినం. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులల్ల చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. మన ఊర్లల్ల చెప్పే లెక్క అంతకంటె చాలా ఎక్కువ. నోటి లెక్కను ఎవరు నమ్ముతరు? కాగితం మీద ఉన్నదే నిలబడ్డది.

గుస్సాడీ గురించి గూడ ఒక మాట, తిట్టుకోకుండ్రి. మార్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చినప్పుడు మనం అందరం స్టేటస్ పెట్టినం. 2024ల ఆయన పోయినప్పుడు గూడ పెట్టినం. మొన్న ఫ్రెషర్స్ డే నాడు నెమలీకల టోపీ కిరాయికి తెచ్చి డీజే పాటకు ఎగిరినం. ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు "అన్నా, బూడిద ఎందుకు పూసుకుంటరు? దండారి అయ్యేదాక స్నానం ఎందుకు చెయ్యరు?" అని అడిగితే ఎవరి నోట మాట రాలేదు. ఎగురుడు తప్పని అంటలేం. అడగకుండ ఎగురుడు గురించే మా బాధ.

ఈసారి దండారికి ఊరికి పోతున్నోళ్లకు మా మనవి. ముందు తాతను, అవ్వను అడగుండ్రి, వద్దంటే ఫోను జేబుల పెట్టుండ్రి. కొన్ని పాటలు పూజ కాడనే పాడాలె, వట్టిగ పాడొద్దంటరు, బలవంతం చెయ్యొద్దు. ఒప్పుకుంటే, రికార్డు మొదట్లనే మీ గొంతుతోని చెప్పుండ్రి: ఈ రోజు తారీఖు, ఊరు, పాడేటాయన పేరు, ఆయన ఏ ఇండ్లకు పాడుతడు, ఇది ఏ కథ. అయిపోయినంక ఒక కాపీ ఆ ఇంటోళ్లకు ఇచ్చినంకనే మనం ఉంచుకోవాలె. రెండు ఫోన్లల్ల, ఒక పెన్ డ్రైవుల. మెమరీ ముందే ఖాళీ చేసుకోండ్రి.

ఆ 11 నిమిషాలు కొడుకుకు ఇచ్చి వచ్చినం. ఆయన రెండుసార్లు విన్నడు, కింగ్రి దించి నడుమ నడుమ అందుకున్నడు. "ఇది మొదలు కాదు, మొదలు మా చిన్నాయినకు వస్తది" అన్నడు. ఆ చిన్నాయిన జైనూర్ దిక్కు ఉంటడట, పానం బాగుంటలేదట. వచ్చే ఆదివారం పోతున్నం. బండి ఉన్నోళ్లు ఇద్దరు కావాలె, కామెంటుల చెప్పుండ్రి.