హలబ్ యూదుల భక్తిగీతాలు – అరబ్బు రాగాల సాక్ష్యం

ఒక జాతి చరిత్రను వ్రాయబూనినవారు సాధారణంగా రాజశాసనాలను, యుద్ధ వృత్తాంతాలను, పన్నుల లెక్కలను వెదకుతారు. ప్రార్థనా పుస్తకాల జోలికి పోయేవారు తక్కువ. కాని శతాబ్దాల తరబడి ఇరుగుపొరుగుగా బ్రతికిన రెండు సమాజాలు ఒకదానినుండి మరొకటి ఏమి గ్రహించాయో తెలిసికొనడానికి ప్రార్థనా పుస్తకం అరుదైన సాక్ష్యం. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో సిరియాలోని హలబ్ (అలెప్పో) నగరపు యూదులు కూర్చుకొన్న భక్తిగీతాలు అటువంటివే. వీటి భాష హెబ్రూ. భావాలు తౌరాత్, జబూర్‌లనుండి వచ్చినవి. రాగం మాత్రం అరబ్బులది. ఈ గీతాన్ని వారు 'పిజ్మోన్' అని, బహువచనంలో 'పిజ్మోనిమ్' అని పిలుస్తారు.

ప్రార్థనలో మారనిది, మారేది

యూదుల నిత్యప్రార్థన రోజుకు మూడు పూటలు. అందులోని పదాలు 'సిద్దూర్' అనే గ్రంథంలో స్థిరపడి ఉన్నాయి. దైవం ఒక్కడేనని చాటే 'షెమా' వాక్యం ఆ ప్రార్థనకు ప్రాణం వంటిది. అందులో దైవాన్ని గూర్చి వాడిన 'ఎహాద్' అనే హెబ్రూ మాటకు, మన 'అహద్'కు మూలం ఒకటే. 'ఖద్దూస్', 'ఖాదోష్', 'రహ్మత్', 'రహమీమ్' – ఇలా అరబీ తెలిసిన పాఠకునికి హెబ్రూ ప్రార్థనలో అడుగడుగునా పరిచిత శబ్దాలు వినిపిస్తాయి.

స్థిరమైన ఈ ప్రార్థనకు తోడుగా కవులు చెప్పిన స్తోత్రాలు కూడా ఉన్నాయి. వాటిని 'పియ్యూత్' అంటారు. ఈ మాట గ్రీకు భాషలో కవి అనే అర్థమిచ్చే పదంనుండి వచ్చింది. మన మునాజాత్‌లను పోలిన 'బక్కషోత్' అనే విన్నపాలు మరొక తరగతి. హలబ్‌లో చలికాలపు శనివారాలలో, తెల్లవారక ముందే యూదులు ప్రార్థనాలయంలో చేరి వీటిని పాడేవారు. సబ్బాతు దినాన వాద్యాలు నిషిద్ధం కనుక అంతా గొంతు మీదనే నడిచేది. పిజ్మోన్‌లు ముఖ్యంగా పెండ్లి, సున్తీ, బాలుడు మతబాధ్యతలు స్వీకరించే రోజు వంటి శుభసందర్భాలకు చెప్పినవి. దైవస్తుతి మధ్యలో ఆ కుటుంబంవారి పేర్లను చమత్కారంగా పొదిగేవారు. సీయోను పునరుద్ధరణను కోరే మాటలు కూడా వీటిలో కనిపిస్తాయి. ఆ కోరిక ఆధునిక రాజకీయాలకు ఎన్నో శతాబ్దాల ముందునుండి యూదుల ప్రార్థనలో ఉన్నదేనని గమనించాలి.

పాత వివాదం

హెబ్రూ కవిత్వం అరబ్బుల ఒరవడిని అనుసరించడం హలబ్‌లో మొదలైన పని కాదు. పదవ శతాబ్దంలో దూనాష్ బిన్ లబ్రాత్ అనే పండితుడు అరబీ అరూజ్ ఛందస్సును హెబ్రూలో ప్రవేశపెట్టాడు. పరాయి కొలతలతో పవిత్రభాషను పాడుచేస్తున్నాడని ప్రత్యర్థులు ఆయనను తప్పుపట్టారు. అయినా అండలూసియాలో ఇబ్న్ గబిరోల్, యహూదా హలేవీ వంటి మహాకవులు ఆ ఛందస్సులోనే కావ్యాలూ ప్రార్థనలూ రచించారు. మూసా బిన్ మైమూన్ (1138–1204) మాత్రం అరబ్బు పాటలను, వాద్యాలను వినడం పట్ల తన ఫత్వాలో తీవ్ర అభ్యంతరం తెలిపాడు.

పదహారవ శతాబ్దంలో ఇస్రాయీల్ నజారా తుర్కీ, అరబీ, స్పానిష్ పాటల వరుసలకు హెబ్రూ స్తోత్రాలు కట్టి, 1587లో సఫద్ పట్టణంలో గ్రంథంగా అచ్చువేయించాడు. ఆయనను ఆదరించినవారూ ఉన్నారు, దూషించినవారూ ఉన్నారు. సమా విషయమై మన ఉలమా మధ్య సాగిన చర్చ ఎరిగినవారికి, ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో దానికొక ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించిన సంగతి తెలిసినవారికి ఈ వివాదం కొత్తగా తోచదు. మన ప్రాంతపు మీలాద్ సభలలో సినిమా బాణీలో నాత్ పాడినప్పుడు పెద్దలు లేవదీసే ప్రశ్న కూడా ఇదే.

తబ్బూష్, ఆయన శిష్యుడు

ఇరవయ్యవ శతాబ్దపు హలబ్‌కు వస్తే ఇద్దరిని ప్రధానంగా చెప్పుకోవాలి. ఒకరు రఫాయిల్ అంతేబీ తబ్బూష్. ఆయన అంధుడు. అరబ్బు గాయకులు పాడే చోట్లకు వెళ్ళి, విన్న వరుసను జ్ఞాపకంలో నిలుపుకొని, దానికి హెబ్రూ మాటలు కూర్చేవారు. 1919లో ఆయన కన్నుమూశారు. రెండవవారు ఆయన పెంచి తీర్చిదిద్దిన శిష్యుడు మూసా అషీర్ (1877–1940).

అది హలబ్‌నుండి వలసలు సాగుతున్న కాలం. 1869లో సూయజ్ కాలువ తెరచుకొనడంతో నగరపు బిడారు వర్తకం దెబ్బతిన్నది. 1909లో ఉస్మానియా ప్రభుత్వం ముస్లిమేతరులకు కూడా సైనికసేవను తప్పనిసరి చేసింది. యూదులు, క్రైస్తవులు అనేకులు ఈజిప్టుకు, అమెరికాకు తరలిపోయారు. అషీర్ 1912లో న్యూయార్క్ చేరి, బ్రూక్లిన్‌లోని తమవారి ప్రార్థనాలయంలో ప్రార్థన నడిపే 'హజ్జాన్' అయ్యారు.

సముద్రం దాటినా రాగం తెగలేదు. అప్పటికి గ్రామఫోను రికార్డులు వచ్చాయి. కైరో గాయకుల కొత్త పాటలు అమెరికాలోని వలస కుటుంబాల ఇండ్లకు చేరేవి. తరువాతి కాలంలో ముహమ్మద్ అబ్దుల్ వహ్హాబ్, ఉమ్మె కుల్సూమ్ పాటల వరుసలు కూడా పిజ్మోన్‌లలో స్థానం పొందాయి. ఉమ్మె కుల్సూమ్ ఒక పల్లెటూరి ఇమామ్ కుమార్తె. చిన్ననాట ఖుర్ఆన్ పఠనంతో గొంతు సాధన చేసినది. మస్జిదు నీడలో పెరిగిన ఆ గొంతు పాడిన వరుస బ్రూక్లిన్ యూదుల దైవస్తుతికి వాహకమయింది.

మఖామ్‌ల క్రమం

'మఖామ్' అంటే మనకు స్థానం, అంతస్తు అనే అర్థాలు తోస్తాయి. అరబ్బు సంగీతంలో అది మన రాగం వంటిది. ఖుర్ఆన్ ఖారీలు వాడే బయాత్, రాస్త్, హిజాజ్, సబా, నహావంద్ మొదలగు మఖామ్‌లే హలబ్ యూదుల ప్రార్థననూ నడిపిస్తాయి. ప్రతి శనివారానికి, ఆ వారం చదివే తౌరాత్ భాగాన్నిబట్టి, ఒక మఖామ్ నిర్ణయమై ఉంటుంది. సృష్టి వృత్తాంతంతో గ్రంథం ఆరంభమయ్యే వారం రాస్త్. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) భార్య సారా మరణాన్ని తెలిపే వారం దుఃఖసూచకమైన హిజాజ్. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన జాతితో సముద్రం దాటిన ఘట్టానికి ఉల్లాసాన్నిచ్చే అజమ్. సున్తీ నిబంధన ప్రస్తావన ఉన్న వారాలకు సబా.

ప్రార్థనలోని మూలపదాలలో ఒక్క అక్షరం మారదు. హజ్జాన్ ఆ వారపు మఖామ్‌లో ఉన్న ఒక పిజ్మోన్ వరుసను తీసికొని, ప్రార్థన పదాలను దానిలో ఒదిగించి పాడతాడు. ఈ విధంగా విశ్వాసం తన హద్దులలో తాను నిలిచి ఉండగా, వరుస మాత్రం వీధిలోనుండి ప్రార్థనాలయంలోనికి నడిచి వచ్చింది.

హలబ్ యూదులు ఈ ఋణాన్ని దాచుకోలేదు. గీతాల తలకట్టులో మఖామ్ పేరు ఉంటుంది. అనేక గీతాలకు అది ఏ అరబీ పాట 'లహన్'లో కట్టినదో కూడా వ్రాసి ఉంటుంది. 1964లో గాబ్రియేల్ ష్రెమ్ సంపాదకత్వంలో బ్రూక్లిన్‌లో వెలువడిన సంకలనం మఖామ్‌ల వారీగానే కూర్చబడింది.

ఒకే నగరం, ఒకే పద్ధతి

ఇచ్చిపుచ్చుకొనడంలో యూదులు మాత్రమే పుచ్చుకొన్నవారనుకొంటే పొరబాటు. హలబ్ ముస్లిముల మధ్య కూడా అచ్చంగా ఇటువంటి ఆచారమే ఉంది. దానిని 'ఖుదూద్ హలబియ్యా' అంటారు. 'ఖద్ద్' అంటే కొలత. ప్రచారంలో ఉన్న ఒక వరుస కొలతకు సరిపడునట్లు కొత్త మాటలు కట్టడమే దాని సారం. జిక్ర్ సభలోని పాట వరుస ప్రేమగీతానికి పోయేది. ప్రేమగీతం వరుస దైవస్తుతికి వచ్చేది. 2021లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది. పిజ్మోన్, ఖుదూద్ – ఈ రెండూ ఒకే నగరపు గాలి పీల్చి పెరిగిన కళలు.

తెగిన బంధం

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనా విభజన తీర్మానాన్ని ఆమోదించింది. కొద్ది రోజులలోనే హలబ్‌లో అల్లర్లు చెలరేగాయి. యూదుల ఇండ్లు, దుకాణాలు, ప్రార్థనాలయాలు దగ్ధమయ్యాయి. పదవ శతాబ్దంలో వ్రాసిన ప్రసిద్ధ తౌరాత్ ప్రతి ఉన్న ప్రధానాలయం కూడా అందులో ఉంది. ఆ ప్రతిలోని అనేక పత్రాలు నేటికీ దొరకలేదు. వేలాది యూదులు ఊరు విడిచారు. 1992లో సిరియా ప్రభుత్వం ప్రయాణపు ఆంక్షలు తొలగించాక, ఆ దేశంలో మిగిలినవారిలో చాలామంది వెళ్ళిపోయారు.

1948లో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు తమ ఇండ్లనుండి నిర్వాసితులు కావడం మహా అన్యాయం. దానిని ఖండించడం మన ధర్మం. కాని ఆ అన్యాయానికి కారకులు హలబ్ వీధులలో అరబీ రాగంలో దైవాన్ని కీర్తించిన పొరుగువారు కారు. ఒక జాతిపై గల ద్వేషం మిమ్మల్ని న్యాయంనుండి తప్పించరాదన్నది మాయిదా సూరా బోధ. దైవనామం స్మరించబడే స్థలాలలో మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను మస్జిదులతోపాటు హజ్ సూరా పేర్కొన్నది. ఈ ఆయత్‌లు చదివే మనం 1947 నాటి మంటలను గూర్చి మౌనం వహిస్తే, పాలస్తీనాను గూర్చి మనం ఎత్తే గొంతుకు బలం తగ్గుతుంది.

2013 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మధ్య హలబ్ ఉమయ్యద్ జామె మస్జిదు మినారు కూలిపోయింది. సుమారు తొమ్మిది వందల సంవత్సరాలు అజాన్ వినిపించిన మినారు అది. ఈనాడు ఆ నగరపు పాత గానాన్ని వినదలచినవారు హలబ్‌తోపాటు దూరదేశాలలోనూ వెదకవలసి ఉన్నది. జెరూసలేములో హలబ్ యూదులు 1901లో నెలకొల్పిన ఆదెస్ ప్రార్థనాలయంలో, బ్రూక్లిన్‌లో, శనివారాలనాడు రాస్త్, హిజాజ్, సబా పేర్లు వాటి అరబీ రూపంలోనే ఇంకా పలుకుతున్నారు. హలబ్ ముస్లిముల సంగీతచరిత్ర వ్రాయబోయే పరిశోధకుడు, మరుగుపడిన ఒక అరబీ పాట వరుస కోసం యూదుల హెబ్రూ గీతసంకలనాన్ని తెరవవలసి రావచ్చు. ఆ పుట తలకట్టులో పాట పేరు, దాని లహన్, దాని మఖామ్ ఆయనకు భద్రంగా దొరుకుతాయి.