చిటికెడు ఉప్పు వెనక కథ

పప్పులో ఉప్పు వేసేటప్పుడు మనం ఆలోచించేది ఒక్కటే – ఎక్కువైందా, తక్కువైందా అని. ఆ చిటికెడు ఉప్పు వెనక ఓ పెద్ద కథ ఉందనీ, అందులో మన శ్రీకాకుళంలో పుట్టినాయన ఒకరున్నారనీ ఎప్పుడైనా విన్నారా, సోదరీమణులారా?

మన మెడ ముందుభాగంలో థైరాయిడ్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది పని చెయ్యాలంటే అయొడిన్ కావాలి. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు. జీవితకాలమంతా తిన్నది పోగుచేసినా ఒక చెంచా నిండదు. ఆ కాస్త కూడా అందకపోతే పాపం ఆ గ్రంథి, దొరికిన కొంచెమైనా పట్టుకోవాలని పెరుగుతూ పోతుంది. అదే గాయిటర్. మన పాతవాళ్ళు గళగండం అనేవారు.

హిమాలయాల దిగువ ప్రాంతాల్లో ఈ జబ్బు తరతరాలుగా ఉండేది. వానలూ, మంచూ, వరదలూ కలిసి నేలలోని అయొడిన్‌ని కడిగేశాయి. నేలలో లేనిది పంటలోకి ఎలా వస్తుంది? పంటలో లేనిది కంచంలోకి ఎలా వస్తుంది?

దీనికి మందు కొత్తదేమీ కాదు. 1820లోనే జెనీవా డాక్టరు క్వాందే గాయిటర్‌కి అయొడిన్ ఇచ్చి చూశాడు. 1922లో స్విట్జర్లాండులో ఉప్పులో కలిపి ఇవ్వడం మొదలైంది. అయితే మన దేశపు ముతక ఉప్పులో, మన వానాకాలపు చెమ్మలో అయొడిన్ నిలుస్తుందా? ఇక్కడ పనికొచ్చే పద్ధతి ఇక్కడే తేల్చుకోవాలి కదా!

ఆ పనికి పూనుకున్నవారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివినవారు. 1956లో ఆయనా, సహచరులూ కాంగ్రా లోయలో దాదాపు లక్షమంది జనం ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకి రెండు రకాల అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. అప్పటికి అక్కడి బడిపిల్లల్లో నూటికి 38 మందికి గాయిటర్ ఉంది. 1962లో మళ్ళీ చూస్తే అయొడిన్ అందినచోట అది దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గనేలేదు.

మరి ఆ మూడో భాగం పిల్లల మాటేమిటి అని మీ మనసు చివుక్కుమంటుంది. నాకూ అలాగే అనిపించింది. తరవాత వాళ్ళకీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా జబ్బు తగ్గింది. కానీ ఆ ఆరేళ్ళు వాళ్ళు ఆగారు. ఇవాళ మన డబ్బాలోని ఉప్పుకి వాళ్ళ బాకీ కొంత ఉంది.

1962లోనే జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు మార్చి 'అయొడిన్ లోప రుగ్మతల' కార్యక్రమం అన్నారు. ఎందుకంటే అసలు నష్టం మెడ మీద కనిపించేది కాదు. కడుపుతో ఉన్న తల్లికి అయొడిన్ బాగా కరువైతే, లోపలి బిడ్డ మెదడు సరిగా ఎదగదు. పుట్టాక ఎంత చేసినా ఆ లోటు పూర్తిగా తీరదు.

"మనది సముద్రతీరం, సముద్రపుప్పులో అయొడిన్ ఉండదా?" అంటారు కొందరు. సముద్రపు నాచులో ఉంటుంది కానీ, ఉప్పు మడిలో పండిన కల్లుప్పులో మిగిలేది బహు స్వల్పం. అందుకే ప్యాకెట్టు మీద 'అయొడైజ్డ్' అని ఉందో లేదో చూసి కొనండి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, పొయ్యి సెగకి దూరంగా పెట్టండి. కూర దించేముందు ఉప్పు వేస్తే మరీ మంచిది. మంచిదన్నారు కదా అని ఎక్కువ మాత్రం వెయ్యకండి. రక్తపోటు కాచుకుని ఉంటుంది.

ఇంకొక్క మాట. మెడ దగ్గర వాపు కనిపిస్తే ఉప్పు మార్చి ఊరుకోకండి. థైరాయిడ్ జబ్బులన్నీ అయొడిన్ లోపం వల్ల రావు, కొన్నింటికి అదనపు అయొడిన్ కీడు కూడా. డాక్టరుకి చూపించి, రక్తపరీక్ష చేయించుకోండి. ఇంట్లో అందరి ఉప్పూ సరిచూసే మనం, మన మెడ మనం ఒకసారి అద్దంలో చూసుకోవద్దూ?