పెట్టె మీద గీత కూడా పడలేదు

పోయిన నెల బెంగుళూరు నుంచి మా మేనల్లుడి ఫోను. ఉద్యోగం హైదరాబాదుకి మారిందట, గేముల కోసం ముచ్చటపడి కట్టుకున్న డెస్క్‌టాపుని సామాన్లతో పాటు లారీలో పంపిస్తాడట. "మావయ్యా, బబుల్ రాప్ ఎన్ని మీటర్లు కొనమంటావ్?" అన్నాడు. మీటర్ల సంగతి తర్వాత, ముందు వాడికో అరగంట క్లాసు పీకాను. వాడు విన్నాడో, ఫోను స్పీకర్లో పెట్టి వేరే పని చూసుకున్నాడో తెలీదు కాబట్టి అదే ఇక్కడ రాస్తున్నా.

కంప్యూటర్ని కదిలించడం అది పుట్టినప్పటినుంచీ తలనొప్పే. 30 టన్నుల ఎనియాక్‌ని ఫిలడెల్ఫియా నుంచి ఆబర్డీన్ సైనిక కేంద్రానికి మార్చడానికి 1946 నవంబరులో ఆపితే, మళ్ళీ పని మొదలెట్టింది 1947 జులై నెలాఖర్లో. మధ్య దూరం వంద మైళ్ళు కూడా లేదు! 1956లో ఐబీఎం 350 డిస్కు వచ్చింది. టన్ను పైన బరువు, పట్టేది 50 లక్షల అక్షరాలు. దాన్ని విమానంలోకి ఎక్కిస్తున్న ఫోటో మీకందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఫార్వర్డు మెయిల్లో వచ్చే ఉంటుంది.

ఇక బబుల్ రాప్. దీనికీ మన వృత్తికీ దగ్గర చుట్టరికం ఉంది. 1957లో న్యూజెర్సీలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు రెండు ప్లాస్టిక్ స్నానాల గది తెరల్ని అతికించి, గోడలకి అంటించే కొత్తరకం వాల్‌పేపరు చేద్దామనుకున్నారు. ఎవరూ కొనలేదు. మొక్కలు పెంచే గ్రీన్‌హౌసులకి పనికొస్తుందన్నారు, అదీ సాగలేదు. 1960లో సీల్డ్ ఎయిర్ అని కంపెనీ పెట్టారు. అంతకు కొద్దిగా ముందే, 1959లో, ఐబీఎం తన 1401 కంప్యూటర్ని ప్రకటించింది. వాటిని దెబ్బ తగలకుండా పంపడానికి ఈ గాలి బుడగల షీటు సరిగ్గా సరిపోయింది. అలా దానికి దొరికిన మొదటి పెద్ద గిరాకీ కంప్యూటరే. ఇవ్వాళ మనవాళ్ళు ఆవకాయ సీసాల్ని అమెరికా దాకా అందులో చుట్టి మోస్తున్నారంటే ఆ పుణ్యం కొంత 1401ది.

కానీ బబుల్ రాప్ ఆపేది బయటి దెబ్బనే. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చేసరికి గొడవ లోపలికి చేరింది. తిరిగే పళ్ళెం మీద హెడ్డు సన్నటి గాలి పొర ఆసరాతో తేలుతుంది. ఆనాటి డిస్కుల్లో కరెంటు తీసెయ్యగానే అది ఎక్కడుంటే అక్కడే, డేటా మీదే కూర్చునేది. ఆ స్థితిలో పెట్టె కుదుపుకి గురైతే అక్కడి డేటా గోవిందా. అందుకే మిషన్ని కదిలించే ముందు 'పార్క్' లాంటి ప్రోగ్రాం నడిపి, హెడ్డుని డేటా లేని చోటికి జరపాలి. ఫ్లాపీ డ్రైవులో అట్టముక్క కూడా పెట్టేవాళ్ళు. అంటే ప్యాకింగుకి ఒక కమాండు ఉండేదన్నమాట! తర్వాతి డిస్కులు కరెంటు పోగానే వాటంతట అవే హెడ్డుని పక్కకి జరుపుకోవడం నేర్చుకున్నాయి. మనం నిశ్చింతగా ఆ కమాండు మర్చిపోయాం.

నా కథ ఇక్కడే. 2006లో సికింద్రాబాదు సీటీసీలో కొన్న నా పాత అసెంబుల్డ్ మిషన్ని తెనాలిలో అమ్మావాళ్ళకి బస్సు పార్సెల్లో పంపాను. అందులో తాతయ్య గొంతుంది. ఆయన పోయే ముందు వేసవిలో, చవక మైకు పట్టుకుని నేను రికార్డు చేసిన నాలుగు గంటల కబుర్లు. కాపీ తీసుకోలేదు (తిట్టండి, పర్లేదు). భయమంతా డిస్కు గురించే కాబట్టి రెండు దుప్పట్లు, థర్మోకోల్, రెండు అట్టపెట్టెలు. పెట్టె చేరింది, గీత కూడా పడలేదు. స్విచ్చి వేస్తే చప్పుడు లేదని నాన్న ఫోను.

ఆ శనివారం వెళ్ళి మూత తీశాను. ప్రాసెసర్ మీద హీట్ సింకుని పట్టుకునే ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. ఆ లోహపు దిమ్మ ప్రాసెసర్ని కూడా సాకెట్లోంచి పెరుక్కుని, దారంతా డబ్బాలో అటూ ఇటూ దొర్లి మదర్‌బోర్డుని నాశనం చేసింది. నేను ఇరవయ్యేళ్ళ నాటి భయానికి దుప్పట్లు చుట్టాను. డిస్కుని ఊడదీసి పక్కింటివాళ్ళ మిషన్లో పెడితే తాతయ్య దగ్గి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడు ఆ వేలాడే బరువు ఇంకా పెరిగింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు ఒక్కటే రెండు కిలోల పైమాట, అదంతా ఒక పక్కనించి స్లాటుకి వేలాడుతుంది. ప్రాసెసర్ మీది పెద్ద కూలర్లు కిలో దాకా ఉంటున్నాయి. స్పీడ్ బ్రేకరు దగ్గర లారీ ఎగిరినప్పుడు ఆ బరువు ఎన్ని రెట్లవుతుందో లెక్క వేసుకోండి.

అందుకని వాడికి చెప్పిందిదీ. కార్డు ఊడదీసి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి నీతోనే తెచ్చుకో. పెద్ద కూలరైతే అదీ విప్పు. విప్పడం రాకపోతే, మదర్‌బోర్డు అడుగున పడుకునేలా, కూలరు పైకి నిలబడేలా డబ్బాని పక్కకి పడుకోబెట్టి పంపు. పెట్టె చుట్టూ రెండంగుళాల మెత్త చాలు. అన్నిటికన్నా ముందు డేటా కాపీ.

"కార్డు ఒళ్ళో పెట్టుకుని రైల్లో రమ్మంటావా?" అని నవ్వాడు. అలాగే వచ్చాడు. కాచిగూడలో దిగినప్పుడు భుజాన బ్యాగూ, చేతిలో చంటిపిల్లలా కార్డు పెట్టె. కూలరు మాత్రం విప్పలేదట. లారీ రేపొస్తుంది.