గొంతు మారిన వాద్యగోష్ఠి

బుర్రకథలో ప్రధాన కథకుడు హఠాత్తుగా కన్నుమూసినచో వంతలిద్దరును ఏమి చేయవలెను? గుమ్మెటలు మూలబెట్టి ఇండ్లకు పోవుటయా, లేక మరియొక కథకుని వెదకి తెచ్చుకొనుటయా? మొదటిది చేసినచో కథ ఆగిపోవును. రెండవది చేసినచో పోయినవానిని మరచిరను నింద మోయవలసి వచ్చును. 1980లో ఆస్ట్రేలియాకు చెందిన ఏసీ/డీసీ అను రాక్ వాద్యగోష్ఠికి సరిగా ఈ సంకటమే ఎదురైనది.

ఈ గోష్ఠిని 1973లో సిడ్నీ నగరమున మాల్కం యంగ్, ఆంగస్ యంగ్ అను సోదరులు స్థాపించిరి. స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించి, బాల్యముననే కుటుంబముతో ఆస్ట్రేలియాకు వలసవచ్చినవారు. ఇద్దరును గిటారు వాదకులు. 1974లో బాన్ స్కాట్ గాయకుడుగా వచ్చి చేరెను. ఆయనయు స్కాట్లండునుండి వలసవచ్చినవాడే. గరగరలాడు గొంతు, కొంటెతనము నిండిన మాటలు ఆయన సొత్తు. 1979లో వెలువడిన 'హైవే టు హెల్' అను రికార్డుతో వారి పేరు అమెరికాలో గట్టిగా వినబడసాగెను. కీర్తి గుమ్మములోనికి వచ్చిన ఆ సమయముననే, 1980 ఫిబ్రవరి 19న, అమితముగా మద్యము సేవించిన రాత్రి తరువాత, స్కాట్ లండనులో మరణించెను. అప్పటికాయనకు 33 ఏండ్లు.

గోష్ఠిని చాలింపవలెనని సోదరులు మొదట తలపోసిరి. కొనసాగింపుడని ధైర్యము చెప్పినవారు స్కాట్ కుటుంబమువారే యనుట గమనింపదగినది. క్రొత్త గాయకుడుగా ఇంగ్లండులోని న్యూకాజిల్ ప్రాంతపువాడగు బ్రయాన్ జాన్సన్ ఎన్నికయ్యెను. ఆయన పాటను స్కాట్ జీవించియుండగనే మెచ్చుకొనెనని ఆంగస్ చెప్పియున్నాడు. మరణము సంభవించి రెండు నెలలు నిండకమునుపే వీరందరును బహామా దీవులలోని నాసౌ నగరమునకు చేరి, కంపాస్ పాయింట్ స్టూడియోలో పని ఆరంభించిరి. వెనుకటి రికార్డును తీర్చిదిద్దిన రాబర్ట్ జాన్ లాంజ్ దీనికిని నిర్మాత. పాటల కర్తలుగా యంగ్ సోదరులతోపాటు జాన్సన్ పేరే అచ్చయినది.

రికార్డునకు 'బ్యాక్ ఇన్ బ్లాక్' అని పేరు పెట్టిరి. నలుపు ధరించి తిరిగివచ్చితిమని తాత్పర్యము. పాశ్చాత్యులకు నలుపు సంతాపచిహ్నము. కావుననే అట్ట యంతయు నల్లగా నుండవలెనని వారు పట్టుబట్టిరి. మొదటి పాట 'హెల్స్ బెల్స్' మరణఘంటను తలపించు గంటానాదముతో ఆరంభమగును. ధ్వనిముద్రణమే వృత్తిగాగల మాకు ఆ గంట కథ మిక్కిలి ప్రియమైనది. ఇంగ్లండులోని లఫ్‌బరోలో యుద్ధస్మారక గోపురపు గంటను ముద్రింప యత్నించగా, గోపురములోని పక్షుల సవ్వడి పనిని చెరచినది. తుదకు ఆ ఊరనే యున్న టేలర్ వారి కార్ఖానాలో, గోష్ఠికొరకే పోతపోసిన సుమారు ఒక టన్ను బరువుగల గంటను మ్రోగించి ముద్రించిరి.

1980 జూలైలో వెలువడిన ఈ రికార్డు బ్రిటనులో ప్రథమస్థానమును, అమెరికాలో నాలుగవ స్థానమును పొందెను. 2019 నాటికి అమెరికాలోనే 2 కోట్ల 50 లక్షల ప్రతుల ప్రమాణమునకు గుర్తింపు లభించినది.

ఇంతటి విజయమునకు కారణమేమి? గోష్ఠికి వెన్నెముక సోదరుల జంట గిటారులు. ఫిల్ రడ్ డ్రమ్ములు, క్లిఫ్ విలియమ్స్ బేస్ గిటారు వానికి అండ. ఆ నలుగురును మారలేదు. జాన్సన్ స్కాటును అనుకరింపక, తన తారస్థాయి గొంతుతోనే పాడెను. అన్నిటికి మించి, వారు తమ దుఃఖమును దాచలేదు. అట్ట మీదనే ప్రకటించిరి. శ్రోతలు స్కాటును మరువనక్కరలేకయే క్రొత్తగొంతును ఆదరింపగలిగిరి.

2017లో మాల్కం యంగ్ మరణించెను. ఆయన స్థానమున సోదరుని కుమారుడు స్టీవీ యంగ్ గిటారు వాయింపగా, 2020లో 'పవర్ అప్' అను రికార్డు మాల్కం స్మృతికి అంకితముగా వెలువడినది. నలుబది యేండ్లక్రిందట గాయకునికి జరిగిన సత్కారమే ఇప్పుడు స్థాపకునికి జరిగినది. స్కాట్ ఈ గోష్ఠిలో పాడినది ఆరేండ్లలోపే. అయినను ఆయన పాటలను జాన్సన్ వేదికపై పాడుచునే వచ్చెను. వంతలు గుమ్మెటలు మూలబెట్టనందుననే ఆ మొదటి కథకుని కథయు నేటికిని వినబడుచున్నదని మా అభిప్రాయము.