అసీల్ కోడి: పేరు పుంజుది, పని పెట్టది

మా ఉత్తరాంధ్రలో పందెం రాయుళ్ళని "అసీల్" అంటే ఏమిటని అడగండి. "మేలుజాతి" అంటారు. సరిగ్గానే చెప్తారు. అరబీలో "అస్ల్" అంటే మూలం, వేరు. ఖాలిస్ నస్ల్ ఉన్నదే అసీల్. మనింట్లో అనే "అస్లియత్", అప్పు దగ్గర వడ్డీతోపాటు వినపడే "అసలు", అన్నీ ఆ వేరు నుంచి మొలిచినవే.

ఈ మాటలు ఇక్కడికి రావడం వింతేమీ కాదు. గోల్కొండ కుతుబ్ షాహీల జమానాలో శ్రీకాకుళం ఒక సర్కార్‌కి సదర్ మఖామ్. ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 1641 నాటిది. ఆయన వెంట వచ్చిన పెద్దారాయుడు తన కోటకి ఆయన పేరు కలిసొచ్చేలా "షేర్"ని తెలుగు చేసి పెబ్బులి అని పెట్టాడనీ, అదే నోళ్ళలో నలిగి బొబ్బిలి అయిందనీ ఈ ప్రాంతపు తారీఖ్ చెప్తుంది. పేరు అరబీదే గానీ కోడి పరదేశీ కాదు. అసీల్ వతన్‌గా సర్కారీ రికార్డులు చూపేది ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లనే. దాని పూర్వీకుడైన ఎర్ర అడవికోడి తూర్పు కనుమల్లో ఇప్పటికీ తిరుగుతోంది.

రంగులకి పెట్టిన పేర్లు వినండి: పీలా, నూరీ, యాకూబ్, సబ్జా, చిట్టా, కాగర్. తెలుగు పందేల లెక్కలో కాకి, నెమలి, డేగ. కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే డేగ పేరే ఎర్ర పుంజుకి పెట్టుకున్నారు! ఈ పేర్లన్నీ ముర్గా కోసం పుట్టినవే. ముర్గీ కోసం ఇంత శ్రద్ధగా పేర్లు పెట్టినవాళ్ళు నాకు కనపడలేదు.

తారీఖ్ కూడా అంతే. పల్నాటి యుద్ధం అనగానే నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు కూలిన బొబ్బిలి కోట కథలోనూ జనం పందెం కోళ్ళని తెచ్చి కలుపుతారు. లక్నోలో నవాబ్ ఆసఫుద్దౌలా, కల్నల్ మార్డాంట్ ఆడించిన పందేన్ని జోఫనీ అనే చిత్రకారుడు 1780లలో పెద్ద తస్వీర్‌గా గీశాడు. అందులో నవాబులు, గోరాలు, పుంజులు. జానవర్లని ఒకదానిమీదికి ఒకటి ఉసిగొల్పడాన్ని రసూలుల్లాహ్ (స) మనా చేశారని అబూ దావూద్, తిర్మిజీలలో రివాయత్ ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా వద్దంటుంది. ఇక ఆ బాజీ సంగతి వదిలేద్దాం.

వందల ఏళ్ళు ఈ నస్ల్‌ని బతికించింది బరి కాదు, ఆంగన్. అమ్మీలు, దాదీలు, వాళ్ళు గంప కింద కమ్మిన కుడక్ ముర్గీ. ఉర్దూలో కుడక్ అన్నా, తెలుగులో పొదుగుకొచ్చిందన్నా అదే పెట్ట. అసీల్ పెట్ట గుడ్లు పెట్టేది తక్కువ, కానీ పొదగడంలో దానికి పేరుంది. 21 రోజులు కూర్చుని చూజాలు బయటికొచ్చాక దాని తబియత్ మారిపోతుంది. కాకి వాలితే ఎగిరి తన్నుతుంది, కుక్కమీదికీ పోతుంది. కోళ్ళు ఆకాశం నుంచి వచ్చే ముప్పుకి ఒక అరుపు, నేలమీది ముప్పుకి ఇంకో అరుపు అరుస్తాయని సైన్స్ వాళ్ళు పరిశోధించి తేల్చారు. గద్ద అరుపు వినగానే పిల్లలు పొదలోకి దూరి అణిగిపోతాయి. పిల్లి అరుపుకి అన్నీ మెడలు నిక్కించి గోల చేస్తాయి. ఎప్పుడేం చేయాలో పిల్లలు చాలావరకు అమ్మ వెంట తిరిగే నేర్చుకుంటాయి. మెషీన్‌లో పొదిగిన పిల్లకి ఆ ఉస్తాద్ ఉండదు.

ఇక్కడే నేటి మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా కోడిని తయారు చేసింది. గుడ్లు ఎక్కువ, బరువూ ఎక్కువ. శత్రువు నుంచి పారిపోవడానికి పొడుగు కాళ్ళూ ఉన్నాయి. పొదిగే గుణం మాత్రం లేదు. పొదుగు పోవడంతో గుడ్లు పెరిగాయి, చౌకీదార్ పోయింది. హేచరీ నుంచి ఇరవై చూజాలు తెచ్చి అదే రోజు ఆంగన్‌లో వదలడమంటే చీల్‌ని దావత్‌కి పిలవడమే. ఆరు వారాలు బల్బు వెచ్చదనంలో, జాలీ లోపల పెంచి, టీకాలు వేయించాలి. కొక్కెర తెగులు తినేసినన్ని కోళ్ళని ఏ పిల్లీ తినదు.

పగటి దొంగలు వేరు, రాత్రి దొంగలు వేరు. పగలు కాకి, గద్ద, డేగ, ముంగిస. వీటికి ఆంగన్ మీద పాత చేపల వల కప్పడం, దాక్కోవడానికి నాలుగు గుబురు మొక్కలు పెంచడం మంచి ఉపాయాలు. రాత్రి జంగపిల్లి, పునుగుపిల్లి, పాము. డర్బా నేలకి రెండు అడుగుల ఎత్తున కట్టండి. బజార్లో దొరికే పల్చటి కోళ్ళ జాలీ కోడిని లోపల ఆపుతుందే కానీ పిల్లిని బయట ఆపదు. అరంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ కావాలి. నేలమీదే గూడుంటే ఆ జాలీని అడుగు లోతు పాతాలి. మగ్రిబ్ వేళకి కోళ్ళు వాటంతటవే గూటికొస్తాయి. లెక్కపెట్టి, అప్పుడే గడియ వేసేయండి, ఇషా దాకా ఆగకండి.

మరి దొంగని చంపొచ్చా? హరమ్‌లో కూడా చంపొచ్చని చెప్పిన ఐదింటిలో కాకి, చీల్ ఉన్నాయని బుఖారీ, ముస్లింలలో ఉంది. ఎర్ర తోలు పట్టీని చీల్ మాంసమనుకుని ఎత్తుకుపోతే దొంగతనం ఒక పేద దాసిమీద పడిన కిస్సా కూడా బుఖారీలోదే. అదే బుఖారీలో, పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్‌కి పడిన అజాబ్ కూడా ఉంది. ఫత్వా నా పని కాదు. ముంగిస, జంగపిల్లి, పునుగుపిల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవని మాత్రం గుర్తుంచుకోండి. విషం పెడితే పక్కింటి మేక కూడా తింటుంది. జాలీకయ్యే ఖర్చే నయం.

నన్నడిగితే ఇలా మొదలుపెట్టమంటాను: ఎనిమిది వనరాజా పెట్టలు, ఒక పుంజు, వాటితో పాటు సంతలో వెతికి తెచ్చిన రెండు నాటు పెట్టలు. అసీల్ రక్తం ఉన్నవైతే మరీ మేలు. నాటు పెట్ట కుడక్ అయిన రోజున వనరాజా గుడ్లు పదో పన్నెండో దాని కింద పెట్టి, పైన గంప కమ్మండి.