‘అయింది సార్’ వినబడని తరగతి: ఆన్‌లైన్ బోధనకు మళ్లిన ఉపాధ్యాయుడి చెవి

ఆన్‌లైన్ బోధనపై ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణ గురించి రాసినవాళ్లు ఎక్కువమంది ఒకే ఫిర్యాదుతో మొదలుపెడతారు: పాత మాస్టార్లకు సాంకేతిక పరిజ్ఞానం తక్కువ. 2020లో నా కంటపడింది వేరు.

మండల కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్న ఒక మాస్టారి ఇంట్లో, గడప దగ్గర మాస్కు పెట్టుకుని కూర్చుని జూమ్ తరగతి చూశాను. ఫోనును రబ్బరు బ్యాండ్లతో ప్లాస్టిక్ కుర్చీ వీపుకు బిగించి నల్లబల్ల వైపు తిప్పారు. వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టి, ‘అర్థమైందా?’ అని ఆగారు. పిల్లలంతా మ్యూట్‌లో ఉన్నారు. కాసేపు చూసి, అదే లెక్క మొదటినుంచీ మళ్లీ చెప్పారు. ఎందుకని అడిగితే, ‘జవాబు రాలేదంటే, రాలేదనే కదండీ లెక్క’ అన్నారు. ఫోను వాడటంలో ఆయనకు ఏ లోటూ లేదు.

తరగతి గదిలో ‘అర్థమైందా?’కు వచ్చే ‘అయింది సార్’ అనే మూకుమ్మడి జవాబును మన బోధనాశాస్త్రం బట్టీ చదువు కింద జమకట్టి వదిలేసింది. కానీ మాస్టారు వినేది ఆ మాటను కాదు, దాని సాగతీతను. ముందు బెంచీ ఠక్కున అంటుంది. వెనక బెంచీ ముందువాళ్ల మాట అందుకుని ఈడుస్తుంది. గొంతు కలిపారే తప్ప బుర్ర కలపలేదని ఆయనకు అక్కడే తెలిసిపోతుంది.

ఉపాధ్యాయుడికి ఉండాల్సిన జ్ఞానాన్ని వలయాల బొమ్మగా చూపుతూ పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ నమూనాతో నా పేచీ ఇక్కడే. విషయమూ బోధనా కలిసే చోటును లీ షుల్మన్ 1986లో చూపితే, వీళ్లు సాంకేతికత అనే మూడో వలయం గీశారు. కొత్తగా ఏం చేర్చాలో ఆ బొమ్మ చెబుతుంది. చేతిలో ఉన్నది ఏం జారిపోతుందో అడగదు. సాంకేతికతను విడిగా నేర్పకూడదని వాళ్లే అన్నారు, నిజమే. అయితే శిక్షణల్లో మిగిలింది బొమ్మ ఒక్కటే: స్క్రీన్ షేరింగ్, గూగుల్ ఫామ్, అన్నిటికంటే ముందు ‘మ్యూట్ ఆల్’. (2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారం చేసిన పాఠాల సంగతి వేరు, అక్కడ చెప్పేవారికి వినే వీలే లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన వ్యాసాలకు కొదవ లేదు.)

మూడో వారానికి మాస్టారు తనంతట తానే రోజుకు ఆరుగురి మ్యూట్ తీయించడం మొదలుపెట్టారు. కుక్కర్ కూతలు, కోళ్ల అరుపులు, ఎవరింట్లోనో టీవీ. ఆ గోలలో ఒకమ్మాయి ‘అయింది’ ఆలస్యంగా వచ్చింది. నోట్సు ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నారు. రెండో మెట్టులో మైనస్ గుర్తు ఎగిరిపోయి ఉంది. ఆ ఆలస్యం నెట్‌వర్క్‌దీ కావచ్చునని ఎవరైనా అనవచ్చు. కావచ్చు, కానీ నోట్సు అడిగేలా చేసింది ఆ ఆలస్యాన్ని విన్న చెవే.

కాబట్టి ఆన్‌లైన్ శిక్షణ ఎక్కడైనా సరే చెవినుంచి మొదలవ్వాలి. అసలు ఈ లోపం ఫోనుతో వచ్చింది కాదు, బి.ఇడి.లోనే ఉంది. మైక్రోటీచింగ్‌లో ప్రశ్న వేయడం నేర్పుతారు, జవాబు వినడం నేర్పరు. అక్కడ పిల్లలుగా కూర్చునేది తోటి విద్యార్థులే. పాఠం వాళ్లకు ముందే వచ్చు. వాళ్ల ‘అయింది సార్’లో సాగతీత ఉండదు.